కదలని గోనెకు పిడికెడు

మా గింజల మార్కెట్టులో నన్ను పిడికిలి అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

నా పని చెప్పడానికి చాలా తేలిక. షెడ్డులో గోధుమ గోనె ఒకటి అమ్ముడుపోగానే, మూతి కుట్టేముందు నేను అందులో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి, కాటా పక్కనున్న రేకు డబ్బాలో వేస్తాను. దోసిలి పట్టకూడదు. గోనెలోనే వేళ్లు మూసి పైకి తీయాలి. జారిపోయినవి గోనెవి, చేతిలో మిగిలినవి డబ్బావి. అదే గోనెను కొన్నవాడు ఇంకొకరికి అమ్మితే మళ్లీ పిడికెడు. కొన్నది మిల్లువాడా, కిరాణా కొట్టువాడా, మార్కెట్టు కమిటీ అధ్యక్షుడి అల్లుడా అన్నది నేను చూడకూడదు. వారానికోసారి డబ్బా గింజల్ని మిల్లువాళ్లు కొంటారు. ఆ డబ్బుతో షెడ్డు వెనక మంచాల గది నడుస్తుంది. మోసి మోసి నడుము పోయిన హమాలీలు, కాలు విరిగినవాళ్లు అక్కడ పడుకుంటారు. వాళ్లకు తిండి, మందులు, చూసుకోవడానికి ఒక నర్సమ్మ. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో ఎవరూ చెప్పలేరు. నేను పుట్టకముందు నుంచీ ఉంది.

నాకు ముందున్న పెద్దాయనకు చెయ్యి వణకడం మొదలైనప్పుడు కొత్త పిడికిలి కోసం మమ్మల్ని వరసగా నిలబెట్టారు. వ్యాపారులకు చిన్న పిడికిలి కావాలి, హమాలీలకు పెద్దది కావాలి. ఒక్కొక్కరి చేత గింజలు తీయించి చూశారు. నా వంతు వచ్చేసరికి వ్యాపారులు "అబ్బే, పెద్దది" అన్నారు, హమాలీలు "ఛ, చిన్నది" అన్నారు. ఇద్దరూ సమానంగా విసుక్కున్నారు గనక నన్ను ఖాయం చేశారు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడి ఒకటే అడిగేవాణ్ణి. స్వామీ, నా పిడికిలి ఇవాళ ఎవరికీ ఎక్కువ కాకుండా, ఎవరికీ తక్కువ కాకుండా చూడు. పెద్ద చదువు చదవనివాణ్ణి, ఇంతకంటే ఏమడగాలో తెలిసేది కాదు.

ఆ పిడికెడు మంచాల గదికే కాదు, ఇంకో విధంగా కూడా పనికొచ్చేది. ఒకప్పుడు ఒక కుర్ర వ్యాపారి, ధర పెరుగుతోందని ఎవరో చెప్పగా విని, ఒకే గోనెను తన స్నేహితులతో కలిసి పొద్దుటినుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ అమ్ముకున్నాడు. అమ్మిన ప్రతిసారీ నేను చెయ్యి పెట్టాను. సాయంత్రానికి గోనె మెడ వేలాడేసింది. చివరికి కొనడానికి వచ్చిన రొట్టెల బట్టీ ఆయన దాన్ని కాలితో కదిపి, "ఏంటిది బాబూ, జల్లెడలో పోసి తెచ్చావా?" అన్నాడు. షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆ కుర్రాడు మర్నాటినుంచి బుద్ధిగా కొని, బుద్ధిగా అమ్ముకున్నాడు. అక్కరలేని అమ్మకం చేసేవాణ్ణి "జల్లెడ గోనె" అనడం మా దగ్గర అలా అలవాటైంది.

మంచాల గదిలో కిటికీ పక్క మంచం మా తమ్ముడిది. వాణ్ణి జోడు అంటారు. అందరూ ఒక గోనె మోస్తే వాడు రెండు మోసేవాడు. లారీ మీదకు వేసిన పలక విరిగి రెండు గోనెలతో సహా వెనక్కి పడ్డాడు. నడుము కింద నుంచి స్పర్శ లేదు. పెళ్లి చేసుకోలేదు. మేమిద్దరమే, నేనూ మా ఆవిడా, వాడికి ఉన్నవాళ్లం.

స్పర్శ లేని మనిషిని పడుకున్నచోటే వదిలేస్తే ఒళ్లు ఒత్తుకుపోయి పుండ్లు పడతాయి. నొప్పి ఉండదు గనక పుండు పడ్డట్టు వాడికీ తెలియదు. నర్సమ్మ వాణ్ణి రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పి, వీపు తుడిచి, పొడి దుప్పటి వేసేది. వయసు మళ్లిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి మెత్తన.

"నువ్వు మోసిన గోనెలకంటే నువ్వే బరువున్నావురా జోడూ," అనేది తిప్పుతూ.

"నన్ను ఒక్కణ్ణే మోస్తున్నావు నర్సమ్మా. రెండోవాణ్ణి కూడా చంకన పెట్టుకో, అప్పుడు ఒప్పుకుంటా," అనేవాడు వాడు.

మేముండేది మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు. మెట్లు ఎంత ఇరుకంటే మంచం ఎక్కించాలంటే విప్పి ముక్కలుగా తీసుకుపోవాలి. మా ఆవిడ బట్టలు ఇస్త్రీ చేసే కార్ఖానాలో పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వస్తుంది. నేను మార్కెట్టులో ఉంటాను. వాణ్ణి ఇంటికి తెస్తే తిప్పేవాళ్లు ఎవరూ లేరు. ఒకసారి ఈ మాట నర్సమ్మతో అంటే ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. "పుండు పడి ఎముక దాకా పోయిందంటే ఇక ఎవరి చేతుల్లోనూ ఉండదు. వాడికి బతుకు ఈ మంచం ఉన్నంతవరకే."

అలాంటప్పుడు తెర వచ్చింది.

షెడ్డు పైన ఉన్న పాత సామాన్ల గదిని ఖాళీ చేసి, చల్లటి గాలి యంత్రం పెట్టి, గోడంత తెర బిగించారు. గోధుమలు గోదాములోనే ఉంటాయి. గోనె ఒక్కటీ కదలదు. తెర మీద ధర మారుతుంటుంది, ఎవరైనా కొనవచ్చు, మరుక్షణం అమ్మవచ్చు. అక్కడిదాకా రానక్కర కూడా లేదు, ఫోనులోనే అదంతా కనిపిస్తుంది. గోనె ధరలో చిన్న ముక్క కడితే గోనె నీ పేరిట ఉన్నట్టే. అన్ని చేతులూ మారాక, ఎప్పుడో ఒకనాడు గోదాము నుంచి నేరుగా మిల్లుకు పోతుంది. షెడ్డులోకి రాదు.

మొదటి రోజు సాయంత్రం మార్కెట్టు కార్యదర్శి సంబరంగా కిందికి దిగి వచ్చాడు. మంచి మనిషే, నా కంటే చిన్నవాడు. "పిడికిలి గారూ, ఇవాళ ఒక్కరోజులో తెర మీద జరిగిన అమ్మకాలు మన షెడ్డులో ఏడాదంతా జరగవు, తెలుసా!" అన్నాడు.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఏడాది అమ్మకాలు ఒక రోజులో! మంచాల గదికి ఇంకో నర్సును పెట్టవచ్చు, గోడలకు సున్నం కొట్టించవచ్చు, కిటికీకి పరదాలు వేయించవచ్చు అనుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడతో కూడా అన్నాను. మర్నాడు పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, రేకు డబ్బాను భుజాన పెట్టుకుని మెట్లెక్కి ఆ గదిలో తెర పక్కన నిలబడ్డాను. ఒక డబ్బా చాలదేమోనని ఇంకో ఖాళీ డబ్బా కూడా తెచ్చుకున్నాను.

గదిలో కుర్చీల్లో కూర్చున్నవాళ్లు నన్ను చూసి, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తెర కంపెనీ మనిషి ఒకడున్నాడు. ఎప్పుడూ చెవుల్లోంచి తీగలు వేలాడుతుంటాయి గనక హమాలీలు వాడికి అప్పటికే చెవితీగ అని పేరు పెట్టేశారు.

"ఎవరు కావాలి పెద్దాయనా?" అన్నాడు ఒక తీగ పీకి.

"ఎవరూ అక్కర్లేదు బాబూ. నేను పిడికిలిని. అమ్మకాలు మొదలైతే చెప్పండి."

"మొదలై చాలాసేపైంది. మీరు గుమ్మం దాటి లోపలికొచ్చేలోపే కొన్ని వేలు అయిపోయాయి."

"అయ్యయ్యో," అన్నాను నిజంగానే కంగారుపడి. "మరి గోనెలేవీ?"

అప్పుడు నవ్వారు. దుర్మార్గంగా కాదు, పసిపిల్లాడి మాటకు నవ్వినట్టు నవ్వారు. చెవితీగ కూడా నవ్వి, నా భుజం మీంచి డబ్బా దించడానికి సాయం పట్టాడు. "దేన్లో చెయ్యి పెడతారు పెద్దాయనా? ఈ అద్దంలోనా? గింజ కదలందే పిడికెడు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"గింజ కదలకపోతే మరి లాభం ఎలా కదులుతోంది బాబూ?" అన్నాను. నేనేదో ఎత్తిపొడవాలని అనలేదు, తెలియక అడిగాను. వాడు జవాబు చెప్పబోయేంతలో చెవిలో ఎవరో పిలిచారు, తీగ మళ్లీ పెట్టుకున్నాడు. నేను రెండు డబ్బాలూ పట్టుకుని మెట్లు దిగాను. ఖాళీ డబ్బా మెట్టు మెట్టుకీ గోడకు తగిలి మోగింది. కింద హమాలీలందరూ తలెత్తి చూశారు.

అప్పటినుంచి షెడ్డు ఎండిపోతూ వచ్చింది. ఎప్పుడో ఒక లారీ వచ్చేది. డబ్బా అడుగు కనబడుతుండేది. ముందు మంచాల గదిలో పాలు తగ్గించారు, తర్వాత మందులు సగం చేశారు, తర్వాత నర్సమ్మ జీతం ఆగింది. ఆవిడ కొన్నాళ్లు ఊరికే చేసింది. చివరికి కమిటీ, నెలాఖరుకు గది మూసేస్తామని చెప్పింది.

ఆ వేళ ఇంట్లో నేను అన్నం ముందు కూర్చుని చెయ్యి కదపలేకపోయాను. మా ఆవిడ చూసి చూసి అంది, "ఏమండీ, సబ్బు కొంటే పన్ను కడుతున్నాం. అగ్గిపెట్టె కొంటే కడుతున్నాం. నిన్న మీ చెప్పు తెగితే కుట్టించడానికి దారం కొన్నా, దానికీ కట్టాను. మనం కదిలితే పన్ను, మెదిలితే పన్ను. ఆ మేడ మీద వాళ్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కొంటూనే ఉన్నారు కదా, వాళ్లకి మాత్రం ఒక్కటీ ఎందుకు లేదు? వాళ్లేమైనా దేవుడి చుట్టాలా?"

"పిడికెడు తీయడానికి గింజ లేదంటున్నారే."

"పిడికెడు వద్దు. ఒక్క గింజ అడగండి. అమ్మినప్పుడల్లా ఒక్క గింజ విలువ. ఇవ్వడానికి వాళ్ల చేతులు పడిపోతాయా?"

మా ఆవిడ అన్న ఆ మాటే నేను కార్యదర్శి దగ్గరకు తీసుకుపోయాను. ఆయన కాగితం తీసి లెక్క వేశాడు. "న్యాయంగానే ఉంది," అన్నాడు. "గోనెకు ఒక్క గింజ అంటే ఎవరికీ తెలియను కూడా తెలియదు. అన్ని అమ్మకాల మీద అది మంచాల గదికి సరిపోయి ఇంకా మిగులుతుంది. అయితే నేనొక్కణ్ణీ చేసేది కాదు. సభలో పెడతాను. చేతులెత్తాలి."

మా మార్కెట్టు సభలో వ్యాపారికైనా కాటాదారుకైనా హమాలీకైనా తలా ఒక చెయ్యి. ఒప్పుకునేవాళ్లు పిడికిలి ఎత్తుతారు, వద్దనేవాళ్లు అరచెయ్యి చూపిస్తారు. లెక్కకు హమాలీలే ఎక్కువ. ఇంకేం, గది నిలబడినట్టే అనుకున్నాను. హమాలీల మేస్త్రీ దగ్గరకు వెళ్లి చెబితే "చూద్దాం పిడికిలీ, చూద్దాం" అన్నాడు. ఎప్పుడూ నా భుజం చరిచే మనిషి, ఆ రోజు చరచలేదు. నేను దాన్ని పట్టించుకోలేదు.

సభ రోజున నాకొక ఆలోచన వచ్చింది. నేను మాటకారిని కాను. నా తమ్ముణ్ణి అందరూ ఒక్కసారి కళ్లతో చూస్తే ఇక నేను చెప్పాల్సింది ఏముంటుంది? రెండు గోనెలు మోసినవాడు కుర్చీలో ఎలా వాలిపోయి ఉన్నాడో చూస్తే అరచెయ్యి ఎవరికి లేస్తుంది? మంచాల గదికి వెళ్లేసరికి వాడు ఫోను చూసుకుంటున్నాడు. ఈ మధ్య ఎప్పుడు వెళ్లినా అదే. పడుకున్నవాడికి కాలక్షేపం కావాలి కదా అనుకునేవాణ్ణి.

"ఒరేయ్, సభకు తీసుకెళ్తాను, వస్తావా? నువ్వుంటే గట్టిగా ఉంటుంది."

వాడు ఫోను బోర్లించాడు. "నేనెందుకన్నయ్యా?"

"నీ మంచం కోసమే కదరా అడుగుతున్నది. నీకూ ఒక చెయ్యి ఉంది."

"నువ్వే వెళ్లు. నన్ను లాగకు."

"సిగ్గుపడుతున్నాడండీ," అంది నర్సమ్మ. "లేవరా, వాళ్లు నీ మొహం చూసి చాలా రోజులైంది." ఆవిడే తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టింది. నేనూ, సాయానికి వచ్చిన మా బావమరిదీ కుర్చీతో సహా ఎత్తుకుని వెళ్లాం. ఎండలో షెడ్డు దాటుతుంటే వాడు పాత కాటాను, లారీ ఆగే చోటును చూసి కళ్లు మూసుకున్నాడు.

సభలో ముందు చెవితీగ మాట్లాడాడు. ఆ పిల్లవాడు అబద్ధాలేమీ చెప్పలేదు, అది నేను ఒప్పుకోవాలి. కొనేవాడూ అమ్మేవాడూ ఎప్పుడూ సిద్ధంగా దొరకడం వల్లే రైతుకు సరైన ధర ఎంతో తెలుస్తోందని అన్నాడు. ఒక్క గింజే కదా అంటారు, రోజుకు వందలసార్లు కొని అమ్మేవాడికి అది వందల గింజలని అన్నాడు. ఇక్కడ పన్ను వేస్తే వ్యాపారం పక్క మార్కెట్టు తెరకు పోతుందని, అప్పుడు గింజా ఉండదు, గోనే ఉండదని అన్నాడు. "నష్టపోయేది పెద్దవాళ్లు కాదు. ఫోనులో చిన్న మొత్తాలతో ఆడుకునే మీలాంటివాళ్లే," అన్నాడు హమాలీల వైపు తిరిగి.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను.

"ఆ బాబు చెప్పిందాంట్లో నాకు సగం అర్థమైంది. అర్థమైన సగం నిజమే కావచ్చు. నాకు తెలిసింది చెప్తాను. గోనె అమ్మినప్పుడల్లా పిడికెడు పోతుందని తెలిసినవాడు ఒక్క క్షణం ఆగేవాడు. నిజంగా నాకీ గోనె కావాలా, వద్దా అని అనుకునేవాడు. జల్లెడ గోనె మీ అందరికీ గుర్తుంది కదా." అక్కడక్కడా నవ్వారు. నాకు ధైర్యం వచ్చింది. "ఇప్పుడు ఎన్నిసార్లు అమ్మినా గోనె మెడ వాలదు. అందుకే ఎవరూ ఆగడంలేదు. వందసార్లు అమ్మేవాడికి వంద గింజలు బరువైతే, వందసార్లు ఎందుకు అమ్మాలో ఆలోచించుకోనివ్వండి. మోసేవాడు సబ్బు మీద పన్ను కడుతున్నాడు. మోయకుండా అమ్మేవాడు ఏమీ కట్టడంలేదు. ఇది దేవుడికి నచ్చుతుందా అని నేను అడగను, ఆయన్ని సభలోకి లాగకూడదు. మీకు నచ్చుతుందా? పక్క మార్కెట్టుకు పోతారంటున్నారు. అక్కడా ఇలాంటి మంచాలుండవా? వాళ్లనీ అడుగుదాం. మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? మా తమ్ముణ్ణి చూడండి."

అందరూ చూశారు. వాడు తల వంచుకున్నాడు.

కార్యదర్శి "చేతులు" అన్నాడు.

నేను పిడికిలి ఎత్తాను. కార్యదర్శి ఎత్తాడు. ముసలి కాటాదారు ఎత్తాడు. గుమ్మంలో నిలబడ్డ నర్సమ్మ, సభలో తనకు చెయ్యి లెక్కలేకపోయినా, ఎత్తింది, ఎవరూ కాదనలేదు. వ్యాపారుల వైపు అరచేతులు లేచాయి, అది ఊహించిందే. తర్వాత హమాలీల వైపు చూశాను. గోనె తాళ్లకు కాయలు కాసిన అరచేతులు ఒకటి తర్వాత ఒకటి మెల్లగా లేచాయి. మేస్త్రీ నా వైపు చూడకుండా చెయ్యి ఎత్తాడు. కొందరు మోచెయ్యి దాకా ఎత్తి ఆపేశారు, పూర్తిగా ఎత్తడానికి మనసు రానట్టు. అయినా అవి అరచేతులే.

నా పక్కన కుర్చీలో కదలిక తెలిసింది. నా తమ్ముడు, నడుము పైన ఉన్న బలమంతా కూడదీసుకుని, అరచెయ్యి ఎత్తాడు.

కార్యదర్శి మళ్లీ అడిగాడు. "జోడూ, సరిగ్గా విన్నావా? పిడికిలి ఎత్తితే..."

"విన్నానండీ," అన్నాడు వాడు. చెయ్యి దించలేదు.

సభ అయ్యాక ఎవరూ మా దగ్గరికి రాలేదు. మేస్త్రీ ఒక్కడే వచ్చి, నేల చూస్తూ అన్నాడు, "కోపం పెట్టుకోకు పిడికిలీ. పని పోయాక మావాళ్లందరూ ఫోనుల్లోనే గోనెలు మోస్తున్నారు. రోజు గడిస్తే చాలన్నట్టుంది. అందులోంచి ఒక్క గింజ పోయినా..."

కుర్చీని షెడ్డు నీడలో దించి నా తమ్ముడి ముందు గొంతుక్కూర్చున్నాను. "ఎందుకురా?"

"నువ్వే తెచ్చావు కదన్నయ్యా. నేను రానన్నాను."

"అది కాదు. ఎందుకు?"

జేబులోంచి ఫోను తీశాడు. పడ్డప్పుడు కమిటీవాళ్లు ఇచ్చిన పరిహారం అంతా అందులో పెట్టాడని అప్పుడు తెలిసింది. "ఒక్కో అమ్మకానికి నాకు మిగిలేది రెండు గింజలు, మూడు గింజలు. నువ్వు అడుగుతున్నది అందులోంచే. అది తీసేస్తే నాకేం మిగులుతుంది?"

"మంచం మిగులుతుందిరా! నిన్ను తిప్పే చెయ్యి మిగులుతుంది!"

వాడు నా వైపు చూశాడు. పలక మీద రెండు గోనెలతో నడిచేటప్పుడు ఉండే పాత వెలుగు వాడి మొహంలో చాలాకాలానికి చూశాను. అదే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

"పొద్దుటినుంచి ఎన్ని గోనెలు ఎత్తి దించానో తెలుసా అన్నయ్యా? మేస్త్రీ ముఠా అంతా కలిసి వారంలో దించనన్ని. పడుకునే. ఇంకా నేను జోడునే."

నేనూ బావమరిదీ కుర్చీ ఎత్తాం.

నెలాఖరుకు గది మూశారు. మంచం విప్పి ముక్కలుగా ఎక్కించి, తమ్ముణ్ణి మా గదికే తెచ్చుకున్నాం. నర్సమ్మకు దూరంగా ఇంకో ఊళ్లో పని దొరికింది. వెళ్లేముందు మా ఇంటికి వచ్చి, తిప్పడం ఎలాగో మా ఇద్దరికీ నేర్పింది. మనిషిని చేతులతో తోయకూడదు. ఒంటి కింద పరిచిన దుప్పటి అంచును దగ్గరగా చుట్టి, రెండు పిడికిళ్లలో బిగించి, దుప్పటినే లాగి మనిషిని పక్కకు వాల్చాలి. "నీకు పిడికిలి బిగించడం ఎవరూ నేర్పనక్కర్లేదులే," అంది నాతో. నవ్వించాలనే అంది. తర్వాత మా ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

నేను షెడ్డులో అడిగి మధ్యాహ్నం ఒకసారి ఇంటికి పరిగెత్తి వస్తున్నాను. మా ఆవిడ కార్ఖానాకు వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తిప్పుతుంది. రెండేసి గంటలు అన్న లెక్క మాకు అందడంలేదు. నడుము దగ్గర మొదట చర్మం ఎర్రబడింది. తర్వాత చితికింది. ఇప్పుడు పుండు లోపలికి పోతోంది. గదిలో వాసన తెలుస్తోంది. వాడికి నొప్పి తెలియదు. ఫోనులో ఉన్న డబ్బు సగానికి పైగా పోయిందని మా ఆవిడ నిలదీసి అడిగితే చెప్పాడు. "ఎక్కడికీ పోదు వదినా, రేపు పైకొస్తుంది," అన్నాడు. ఫోను లాక్కుందామని ఒకసారి చెయ్యి చాచాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. ఇంకా అంత బలం ఉందని నాకు తెలియదు. వదిలేశాను.

పొద్దున్నే దేవుడి ముందు ఇప్పటికీ నిలబడుతున్నాను. నా పిడికిలి ఎక్కువా తక్కువా కాకుండా చూడమని అడగడం మానేశాను. డబ్బాలో బూజు పట్టింది, ఇక అడగడానికేముంది? ఒక్కటే అడగాలనిపిస్తుంది. స్వామీ, ఒక్క గింజ నీ దగ్గర కూడా అంత బరువైపోయిందా? అడిగి, తప్పేమోనని లెంపలు వేసుకుంటాను. జవాబు రాకపోయినా అడిగే చోటు అదొక్కటే కదా.

ఇవాళ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చేసరికి వాడు పొద్దున మా ఆవిడ తిప్పిన పక్కకే ఉన్నాడు. దుప్పటి తడిసి ఉంది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, నర్సమ్మ నేర్పినట్టు దుప్పటి అంచు చుట్టి రెండు పిడికిళ్లలో బిగించాను.

"తిప్పుతున్నానురా, పట్టుకో."

"ఒక్క నిమిషం ఆగన్నయ్యా," అన్నాడు వాడు, తెర మీంచి కళ్లు తీయకుండా. "ఈ గోనె అమ్మేసి తిరుగుతాను."

ఆగాను. వాడు అమ్మాడు. తర్వాత ఇంకోటి కొన్నాడు. నేను దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాను.